వెడల్పు వీపుకు జీను

గుర్రాన్ని వెనక నిలబడి, కాస్త ఎత్తు మీదినుంచి చూస్తే దాని వీపు సంగతి తెలుస్తుంది. కొన్నింటికి మెడ దిగువన మూపు ఎత్తుగా లేచి, వెన్నెముక పైకి తేలి, రెండు పక్కలా కండ వాలుగా దిగుతుంది. ఇంకొన్నింటికి మూపు ఉందా లేదా అన్నట్టుంటుంది. వెన్నుకు అటూ ఇటూ కండ ఉబ్బి, నడుమ వెన్ను సన్నటి గాడిగా లోపలికి పోయి, భుజాల నుంచి నడుము దాకా వీపంతా బల్లపరుపుగా పరుచుకుంటుంది. నిజామాబాద్, బోధన్ పెళ్లి ఊరేగింపులకు తిరిగే గుర్రాల్లో నేను చూసినవి చాలావరకు ఈ రెండో రకమే. ఏడాదిలో నాలుగైదు నెలలే వాటికి పని. మిగతా రోజులు కట్టుగొయ్య దగ్గరే నిలబడి దాణా తింటాయి. వీపు ఇంకా వెడల్పు అవుతుంది. వాటికి సరిపడే జీను, అదీ వాటిని మేపేవాళ్లు కొనగలిగే ధరలో, వెతికి పట్టుకోవడం పెద్ద తిప్పలు.

పశువైద్య శాఖలో చిన్న ఉద్యోగిగా బోధన్, వర్ని, కోటగిరి వైపు నా సర్వీసు గడిచింది. మా పనంతా బర్రెలు, ఎద్దులు, గొర్రెలతోనే. అయినా టాంగా గుర్రాల వీపు పుండ్లు కడిగిన చేతులివి. ఆ పుండ్లలో ఎక్కువ భాగం రోగం వల్ల వచ్చినవి కావు, జీను వల్ల వచ్చినవి. ఆ జీను బాగుచేసే మనుషులు ఈ ఊళ్లల్లో ఒకప్పుడు ఉండేవాళ్లు. టాంగాల గురించి, చక్కెర ఫ్యాక్టరీ గురించి రాసినవాళ్లున్నారు గాని, ఆ కుట్టుపని గురించి రాసినవాళ్లు నాకు కనబడలేదు.

వెడల్పు వీపు గుర్రానికి లోపం కాదని ముందే చెప్పాలి. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపుస్వారీ మీద ఒక గ్రంథం రాశాడు. వెన్నుకు రెండు పక్కలా కండ లేచిన వీపే కూర్చోవడానికి మెత్తగా, కంటికి ఇంపుగా ఉంటుందన్నది ఆయన అభిప్రాయం. ఆయన కాలపు గ్రీకులకు కొయ్య చట్రం ఉన్న జీను లేదు, రికాబులూ లేవు. ఉత్త వీపు మీదో, ఒక గుడ్డ పరుచుకునో ఎక్కేవాళ్లు. అలా ఎక్కేవాడికి ఆ వీపు వరం. జీనులోకి కొయ్య వచ్చాకే అది చిక్కు అయింది. కొయ్యను ఎవరో ఎక్కడో ఒక గుర్రం కొలతకు చెక్కుతారు. దాన్ని ఇంకో గుర్రం మోయాలి.

ఆ కొయ్య చట్రమే జీనుకు ప్రాణం. వీపుకు రెండు పక్కలా పొడుగాటి పలకలు, వాటిని కలుపుతూ ముందొకటి వెనకొకటి కమాను, పైన తోలు, కింద దూది గాని ఉన్ని గాని కూరిన మెత్తలు. ముందు కమాను ఎంత విచ్చుకుని ఉందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. ఇరుకు కమానును వెడల్పు వీపు మీద పెడితే అది కిందికి దిగదు, పైనే ఆగుతుంది. కమాను కొసలు రెండూ భుజాల వెనక కండలోకి గుచ్చుకుంటాయి. ముందు భాగం లేస్తుంది, కూర్చున్నవాడు వెనక్కి జారుతాడు, బరువంతా నడుము మీద పడుతుంది. జీను ఊగుతోందని చూసి యజమాని కింద ఇంకో గోనెపట్టా మడిచి పెడతాడు. ఇరుకు చెప్పులోకి మందపు మేజోడు తొడిగినట్టే అది, ఒత్తిడి రెట్టింపవుతుంది. మూపు లేదు కాబట్టి జీను పక్కకు దొర్లుతుంది. దొర్లకుండా పొట్ట కింది పట్టీని, అంటే తంగును, బిగిస్తాడు. ముందరి కాళ్ల వెనక చర్మం మడతపడి అక్కడా ఒరుసుకుపోతుంది. జీను అడుగు గనక వంపుగా ఉంటే, బల్లపరుపు వీపు మీద నడుమ మాత్రమే ఆని ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

పుండు పడేదాకా ఆగాల్సిన పని లేదు. గుర్రం పని చేసి వచ్చాక జీను దించి చెమట చూడాలి. అంతా తడిసి, రెండు మచ్చలు మాత్రం పొడిగా ఉంటే ఒత్తిడి అక్కడే ఉంది. అంత ఒత్తిడి కింద చెమట పట్టదు. పట్టించుకోకపోతే కొన్నాళ్లకు అక్కడ వెంట్రుకలు తెల్లబడతాయి. నల్లటి, ఎర్రటి గుర్రాల మూపు పక్కన తెల్లటి చుక్కలు చూసి అదృష్ట చిహ్నమని మురిసేవాళ్లను నేను ఎరుగుదును. సుడులకు శాస్త్రం ఉంటే ఉండొచ్చు గాని, అవి మాత్రం ఇరుకు జీను చేసిన గాయాల గుర్తులు.

మన దక్కనుకు మేలుజాతి గుర్రం ఎప్పుడూ దూరం నుంచే వచ్చింది. విజయనగర రాజులు హొర్ముజ్ నుంచి సముద్రం మీద వచ్చే గుర్రాల కోసం పోర్చుగీసువాళ్లతో బేరాలు చేశారు. ఓడలో చచ్చిపోయిన గుర్రాలకు కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాళ్లని పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ రాశాడు. హంపీ మహానవమి దిబ్బ గోడల మీద గుర్రాల వర్తకులు ఇప్పటికీ కనబడతారు. తెలుగులో మనుమంచి భట్టు పనిగట్టుకుని అశ్వశాస్త్రం రాశాడంటే ఆ సరుకు విలువ ఎంతటిదో అనుకోవచ్చు. సామాన్య సవారుకు అంత ఖరీదు గుర్రం అందదు. అతనికి దక్కింది దక్కను తట్టు, భీమా నది లోయలో పెరిగిన పొట్టి గుర్రం. మరాఠా దండు ఊళ్లకు ఊళ్లు చుట్టబెట్టింది వాటి మీదే. ఆ భీమ్‌థడీ గుర్రాన్ని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఈ మధ్యనే వేరే జాతిగా గుర్తించింది.

ఆ తట్ల మీద వేసిన జీనులో కొయ్య తక్కువ, గుడ్డ ఎక్కువ. కొయ్య అసలే లేని దూది జీనును చార్‌జామా అనేవాళ్లు. మరాఠీ వైపు ఖోగీర్ ఉండేది, మందపు గుడ్డను పొరలు పొరలుగా వేసి, పేలికలు, ఉన్ని కూరి కుట్టింది. గుర్రం బక్కదైతే కూరు పెంచేవాళ్లు, బలిస్తే తీసేవాళ్లు. సూదీ దారం ఉంటే సరిపోయేది. దీన్ని మరీ గొప్ప చేసి చెప్పను. కొయ్య లేని జీనులో బరువు పంచుకునేది ఏదీ ఉండదు. రికాబుల మీద లేచి నిలబడితే ఆ లాగుడంతా ఒకే చోట పడుతుంది. కూరు మధ్యలో గాడి సరిగా వదలకపోతే వెన్నెముక మీదే కూర్చున్నట్టు. పొద్దంతా స్వారీ చేసే బరువైన మనిషికి అది పనికిరాదు. కాని గుర్రం వీపును బట్టి జీను మారాలన్న సంగతి ఆ కుట్టులోనే ఉంది.

ఈస్టిండియా కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం వచ్చాక లెక్క తిరగబడింది. వేల గుర్రాలకు ఒకే నమూనా జీను కావాల్సి వచ్చింది. 1860ల్లో కాన్పూరులో ప్రభుత్వ జీనుల కార్ఖానా లేచింది. ఆ ఊరు తోలు ఊరయింది అప్పుడే. నిజాం ఇలాకాలో మాత్రం చాలాకాలం రెండు పద్ధతులూ నడిచాయి. నిజాం ఖర్చు మీద బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. దాని రిసాలాల్లో, అంటే గుర్రపు దళాల్లో, సిలేదారీ పద్ధతి ఉండేది. సవారు తన గుర్రం, తన జీను, తన సరంజామా తానే సమకూర్చుకోవాలి, సర్కారు నెలకింత అని ఇస్తుంది. జీను సొంత సొమ్ము గనక అది తన గుర్రానికి ఆనుతుందో లేదో చూసుకోవాల్సిన అవసరం సవారుకే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం ఆ పద్ధతి చాలదని తేల్చింది. యుద్ధం తర్వాత అది పోయింది.

ఒకే నమూనా జీను ఎన్ని వీపులు చెడగొట్టిందో సైన్యపు పశువైద్యులకు తెలియకపోలేదు. ఫ్రెడరిక్ స్మిత్ అనే సైనిక పశువైద్యుడు 1891లో జీనుల గురించి, వీపు పుండ్ల గురించి ఒక పుస్తకమే రాశాడు. అప్పటికే ఆయన ఇండియాలో పనిచేసి వెళ్లాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో, 1899–1902 మధ్య, బ్రిటిష్ పక్షాన మూడు లక్షలకు పైగా గుర్రాలు చచ్చాయి. ఆకలి, అలసట, రోగం, వాటికి తోడు పుండుపడ్డ వీపులు. 1912 నమూనా జీనులో పలకలను కమానుకు కదలకుండా బిగించడం మానేసి, గుర్రం వీపును బట్టి వాటంతట అవే సర్దుకునేలా కీలు పెట్టారు. గుర్రం చిక్కితే కమాను కిందికి దిగకుండా కింద కంబళి మడత పెంచేవాళ్లు, ఒళ్లు చేస్తే తగ్గించేవాళ్లు. సైన్యం అంత చదువు చదివి చేరిన చోటు మన ఖోగీర్ కుట్టేవాడు ఉన్న చోటుకు దగ్గరే.

ఇక మా ఇందూరు. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్ వైపు గోదావరి లోయ మీటర్‌గేజ్ రైలు పడింది. కొద్ది ఏళ్లకే జిల్లా పేరు నిజామాబాద్ అయింది. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరకు వచ్చింది, చెరకు కోసం 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకున్నారు. రుద్రూర్‌లో చెరకు మీద పరిశోధన జరిగింది. చెరకు ఎడ్లబండ్ల మీద వచ్చేది. క్రషింగ్ సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు నుంచి బండ్ల వరస కనుచూపు మేర ఉండేది. మనుషులను స్టేషన్ నుంచి గంజ్ బజారుకు, అక్కడి నుంచి కచేరీకి చేర్చేది టాంగా. జిల్లాలో గుర్రానికి బతుకు దొరికింది ఈ టాంగాలోనే.

టాంగా గుర్రానికి వేసేదీ జీనే, కాకపోతే చిన్నది. మూపుకు కాస్త వెనక, అరచేతి రెండింతల వెడల్పున ఆనే దిండు. బండి నొగలు రెండూ ఒక పట్టెడ మీద వేలాడి ఆ దిండు మీద బరువు వేస్తాయి. బండిలో జనం ముందుకు ఎక్కువైతే నొగలు కిందికి నొక్కుతాయి, గుర్రం వీపు కుంగుతుంది. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి పొట్ట కింది పట్టెడ గుర్రాన్ని ఎత్తుతుంది. మా చిన్నప్పుడు టాంగా ఎక్కితే, "అమ్మా, మీరు జర ముందుకు రాండ్రి. పటేలా, నువ్వు ఎనుక కూసో" అని టాంగావాలా మనుషుల్ని సర్దేవాడు. అది గుర్రం వీపు మీద తూకం సరిచూసుకోవడం. 1965లో బరువులాగే జంతువుల మీద వచ్చిన కేంద్ర నిబంధనలు, నడిపేవాడు, చిన్నపిల్లలు కాక నలుగురికంటే ఎక్కువమందిని ఎక్కించొద్దన్నాయి. పండగ పూట ఆ లెక్క ఎవరు చూశారు గనక.

ఆ దిండు కుట్టే పని మోచీలదీ, మాదిగ ఇండ్లదీ. బర్రె తోలును సున్నపు గుంతలో వేసి వెంట్రుక రాల్చి, లంద తొట్టిలో తంగేడు చెక్క నీళ్లలో ఊరవేసి, కరక్కాయ పట్టించేవాళ్లు. మన గుట్టల మీద పచ్చగా పూసే తంగేడే. అలా పదునుచేసిన తోలు చెమటకు త్వరగా పగలదు. లంద వాసనకు దూరమని ఊరు ఆ ఇండ్లను బయటికి నెట్టింది. అదే తోలుతో మోట బొక్కెన, చెర్నకోల, చెప్పులు, జీను అన్నీ చేయించుకుంది.

ఇక్కడ ధర గురించి ఒక మాట చెప్పాలి, అది నాకు ముఖ్యం. పాతరోజుల్లో జీను అగ్గువకు దొరికేదని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎందుకు అగ్గువ? వెట్టి రోజుల్లో గడీలకు, పటేల్ పట్వారీలకు చెప్పులూ తోలు సామానూ ఊరికే ఇవ్వడం మాదిగ కుటుంబాల బాధ్యత. వచ్చిన దొర గుర్రానికి గడ్డి వేయడం, దాన్ని కడగడం ఇంకొకరి వెట్టి. ఆ జీను ఖరీదు సున్నా కాదు. కుట్టినవాడి పిల్లలు దాన్ని చెల్లించారు. 1937లోనే నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ నిజాం ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి మీద ఆ సభలు ఏళ్ల తరబడి మాట్లాడాయి. ఫ్యాక్టరీ పొగగొట్టం లేచిందీ అదే ఏడు. జిల్లా చరిత్ర చెప్పేవాళ్లు ఫ్యాక్టరీనే ముందు చెబుతారు. నేనైతే ఆ సభను కూడా పక్కనే పెట్టి చెబుతాను.

టాంగా స్టాండు దగ్గర కూర్చునే కుట్టుపనివాడు మాత్రం నగదుకు పనిచేసేవాడు. స్టేషన్ రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఒక పెద్దమనిషి పని చేయడం గంటలకొద్దీ చూశాను. ముందు గుర్రాన్ని విప్పించి ఎండలో నిలబెట్టించేవాడు. వీపు మీద రెండు అరచేతులూ పరిచి, కండ వెంబడి ముందు నుంచి వెనక్కి మెల్లగా నొక్కుతూ పోయేవాడు. గుర్రం చర్మం ఎక్కడ వణికితే అక్కడ సున్నంతో చుక్క పెట్టేవాడు. తర్వాత జీను మెత్తను తిరగేసి, ఆ చుక్కకు ఎదురైన చోట తోలు కుట్టే ఆరెతో కుట్టు విప్పి, వేలు లోపలికి పెట్టి ఉండకట్టిన దూదిని బయటికి లాగేవాడు. గట్టిగా, చెమట ఉప్పుతో రాయిలా ఉండేది అది. దాన్ని దూరంగా పారేసి, దువ్విన గొర్రె ఉన్నిని చిటికెడు చిటికెడుగా కూరి, పైనుంచి చెక్కతో తట్టి, మళ్లీ గుర్రం మీద పెట్టి కింద చెయ్యి దూర్చి చూసేవాడు. చెయ్యి ముందు నుంచి వెనక దాకా ఒకే తీరుగా జారాలి. ఎక్కడా పట్టుకోకూడదు, ఎక్కడా బోలుగా ఉండకూడదు. "దూది చెమటకు ఉండకడతది, కొబ్బరిపీచు గుచ్చుతది. ఉన్ని అయితే నలిగినా మళ్ల లేస్తది కొడుకా" అని ఒకసారి నాతో అన్నాడు. నేను ఆ తర్వాత చదువుకున్న చదువులో ఇంతకంటే పనికొచ్చే మాట జీను గురించి ఎవరూ చెప్పలేదు.

సవారీ జీనుకూ ఆయన చేసేది ఇదే పని. కొయ్యను ముట్టడు, కూరునే మారుస్తాడు. అందుకే టాంగావాలాలు ఒక జీనును మూడు నాలుగు గుర్రాల బతుకు దాకా వాడగలిగారు. కొనేది ఒక్కసారి. ఏటా వానలు పోయాక కూరు మార్పించుకునేది చిన్న ఖర్చు.

ఆటోలు వచ్చాయి. 1980ల నుంచి టాంగా స్టాండ్లు ఒక్కొక్కటే కుంచించుకుపోయాయి. గుర్రాలు పోతే, లాడాలు కొట్టే నాల్‌బంద్‌లు పోయారు, వాళ్ల వెనకే జీను కుట్టేవాళ్లు. వాళ్ల పిల్లలు చెప్పుల దుకాణాలు, సీటు కవర్ల దుకాణాలు పెట్టుకున్నారు, చదివి ఉద్యోగాలకు పోయారు. ఆ పని పోయిందని నాకు బాధ ఉంది. ఆ పిల్లలు లంద దగ్గరే ఉండిపోవాల్సింది అని మాత్రం ఎన్నడూ అనను. ఫ్యాక్టరీ సంగతీ అందరికీ తెలిసిందే. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. బండ్ల వరస అంతకు చాలా ముందే ట్రాక్టర్ల వరస అయింది.

గుర్రం మాత్రం పూర్తిగా పోలేదు. పెళ్లిళ్లలోకి వచ్చింది. నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో మార్గశిరంలో ఖండోబా జాతర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అమ్ముడుపోయే పెద్ద సంత అది, మా బోధన్ వాళ్లకు దగ్గర. అక్కడికి పోయి గుర్రాన్ని తెచ్చుకుంటారు. నాందేడ్ గురుద్వారా హుజూర్ సాహెబ్‌లో గురు గోవింద్ సింగ్ గుర్రపు సంతతిగా సిక్కులు నమ్మే గుర్రాలున్నాయి. వాటిని పండగ ఊరేగింపులో నడిపిస్తారే తప్ప ఎవరూ ఎక్కరు. వాటి వీపులకు ఏ జీను బాధా లేదు. మా ఊరి గుర్రానికి ఆ అదృష్టం లేదు. పెళ్లికొడుకు, అతని ముందు ఒక చిన్నపిల్లవాడు, మఖ్మల్ జరీ గుడ్డ, ఇత్తడి బిళ్లలు, బ్యాండు మోత నడుమ రెండు గంటల నడక. ఆ జరీ కింద ఏ జీను ఉందో ఎవరూ చూడరు.

నేను చూశాను. బోధన్‌లో ఒక యువకుడు తన గుర్రం మనిషిని ఎక్కించుకోనంటోందని నన్ను పిలిచాడు. "పిచ్చి లేసినట్టుంది డాక్టర్ సాబ్, తంగు ముట్టుకుంటే కరుస్తది" అన్నాడు. నేను డాక్టర్ని కానని చెప్పినా ఆ పిలుపు మానడు. గుర్రం ఎర్రటిది, మూపు లేదు, వీపు మీద పళ్లెం పెడితే నిలుస్తుంది. జీను ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించుకున్నది. సీటు కొలత అంగుళాల్లో రాసి ఉంది, అది కూర్చునేవాడి కొలత. గుర్రం కొలత, అంటే కమాను వెడల్పు, ఎక్కడా లేదు. అగ్గువ జీనులన్నింటిదీ ఇదే తీరు. మంచి జీనులను ఇరుకు, మధ్యస్థం, వెడల్పు, మరీ వెడల్పు అని వేరువేరుగా చేస్తారు. భౌగోళిక గుర్తింపు ఉన్న కాన్పూరు జీను ప్రపంచమంతా పోతోంది, అక్కడి కార్ఖానాలకు ఈ తేడాలన్నీ తెలుసు. బయటి దేశాలకు పంపే సరుకులో అవి ఉంటాయి. ఊరి పెళ్లి గుర్రానికి వచ్చే సరుకులో ఉండవు, ఎందుకంటే అడిగేవాడు లేడు.

చేయాల్సింది కష్టమైనది కాదు. వంచితే వంగి అలాగే నిలిచే మందపు అల్యూమినియం తీగను, మూపు వెనక, భుజపు ఎముకకు నాలుగు వేళ్లు వదిలి, వీపు మీద అడ్డంగా ఒత్తి ఆకారం తీసుకున్నాం. ఆ ఆకారాన్ని కదలకుండా అట్ట మీద పెట్టి పెన్సిలుతో గీశాం. ఇంకో గీత నడుము దగ్గర, ఇంకోటి వెన్ను పొడవునా. మూడు అట్టలు కత్తిరించి జీను కింద పెట్టి చూస్తే, కమాను రెండు వైపులా రెండేసి వేళ్ల ఇరుకు. కూరు ఎంత మార్చినా కొయ్య మారదు. ఆ జీను వదిలేయాల్సిందే అన్నాను. కుర్రవాడి ముఖం చిన్నబోయింది, రెండు పెళ్లిళ్ల సంపాదన దాని మీద పెట్టాడు మరి.

నిజామాబాద్‌లో బస్సు సీట్లు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు, తండ్రి టాంగా జీనులు కుట్టినవాడు. పాత ఆరె, తోలు కోసే రంపె ఇంకా దాచుకున్నాడు. అట్టలు చేతిలో పెట్టగానే, "ఇది వీపు కాదు సారూ, మంచం" అని నవ్వి, తిప్పి తిప్పి చూశాడు. కొయ్య లేకుండా చేద్దామన్నాడు. రెండు పొడుగు మెత్తలు, నడుమ నాలుగు వేళ్ల గాడి, అడుగు ఎక్కడా వంపు లేకుండా చదునుగా. ముందు మాత్రం బాగా విచ్చుకున్న చిన్న ఇనుప కమాను, అట్ట గీతకు సరిగ్గా వంచింది, పట్టుకోవడానికి పిడి కోసం. పెళ్లి గుర్రం గంట రెండు గంటలు నడకే నడుస్తుంది, పరుగెత్తదు. పెళ్లికొడుకు రికాబుల మీద లేచి నిలబడడు. కాబట్టి పూర్తి చట్రం లేకపోయినా ఈ పనికి చెల్లుతుంది. రోజంతా స్వారీ చేసేవాళ్లకు ఇది నేను చెప్పను. పక్కకు దొర్లకుండా తోక కింద దుమ్చీ, రొమ్ముకు అడ్డంగా పేష్‌బంద్ పెట్టించాం. వాటివల్ల తంగును మునుపటంత బిగించాల్సిన పని తప్పింది.

కూరుకు ఉన్ని కావాలి. మన దక్కనీ గొర్రె నల్ల ఉన్నిని ఇప్పుడు కొనేవాడు లేక కత్తిరించి పారబోస్తున్నారు. కురుమల ఇంట్లో అడిగితే సంచి నిండా ఇచ్చారు, పైసలు తీసుకోమంటే వద్దన్నారు. కడిగి, ఎండబెట్టి, దువ్వించాం. జీను కింద వేయడానికి ఒక పాత గొంగడి తీసుకున్నాం. కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టించి ఉంటుంది, బిర్రుగా ఉండి ఒరుస్తుంది. ఎన్నో వానలు తిన్న పాతది మెత్తన, చెమట పీలుస్తుంది. ఒకే మడత. రెండో మడత వేయనివ్వలేదు.

పెద్దాయన కూలి అడిగినప్పుడు కుర్రవాడు బేరం మొదలుపెట్టాడు. నేను నడుమ పడి ఆయన అడిగినంతా ఇప్పించాను. ఇనుము, తోలు, కూలి అన్నీ కలిపినా ఫోన్‌లో కొన్న జీను ధరలో సగం దాటలేదు. గుర్రానికి పుండు మానేదాకా పని పెట్టలేదు. తర్వాత ఖాళీ జీనుతో, తర్వాత తేలికపాటి పిల్లవాడితో నడిపించి, దించిన ప్రతిసారీ చెమట చూశాం. ఎడమవైపు ఒక చోట పొడి మచ్చ కనబడింది. జీను తీసుకుని మళ్లీ నిజామాబాద్ పోతే, పెద్దాయన అక్కడి కుట్టు విప్పి రెండు చిటికెల ఉన్ని తీశాడు. ఆ తర్వాత తడి ఒకే తీరుగా వచ్చింది. తంగు కడుతుంటే గుర్రం ఇప్పుడు కరవదు, చెవులు మాత్రం వెనక్కి పెడుతుంది. అదీ తగ్గుతుందనుకుంటున్నాను.

ఈసారి మాళేగావ్ జాతరకు పోయేవాళ్లు గుర్రాన్ని బేరమాడేటప్పుడే తీగ, అట్ట వెంట పట్టుకుపోండి. పాత జీను అమ్మకానికి కనబడితే ముందు అట్టను కమాను కింద దూర్చండి. కాస్త వెడల్పైతే కొనండి, గొంగడితో, కూరుతో సర్దుకోవచ్చు. ఇరుకైతే ఎంత అగ్గువకు ఇచ్చినా వదిలేయండి. గుర్రం ఇంటికి వచ్చి నాలుగు నెలలు దాణా తిన్నాక మళ్లీ కొలవండి, వీపు మారి ఉంటుంది. కూరు సర్దడానికి ఆరె పట్టే చెయ్యి మన ఊళ్లో ఎవరిదన్నది ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఒకడుంటే కూలి ఇచ్చి నేర్పించండి.